తోమితే పోయేది మకిలి ఒక్కటేనా?

పాత రాగి చెంబు కొన్నవాళ్లు ఇంటికి రాగానే చేసే మొదటి పని చింతపండు నానబెట్టడం. రోజూ వాడే పూజ సామానుకు అది సబబే. దీపపు కుంది తళతళలాడాల్సిందే. దాచుకోవడానికి కొన్న పురాతన వస్తువు సంగతి వేరు. రాగి మీద గోధుమరంగులోనో ముదురాకుపచ్చగానో గట్టిగా పట్టిన పొర, లోహపు పైభాగమే గాలితో, తేమతో కలిసి అలా మారినది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం దాన్ని కరిగిస్తే పోయేది ఆ వస్తువులో కొంత భాగమే. కోటిలింగాల వంటి చోట్ల దొరికిన శాతవాహన నాణేల్లో సీసపువి మరీ సున్నితం. సీసం మెత్తన, బ్రాహ్మీ అక్షరాలు అసలే అరిగి ఉంటాయి. గట్టిగా రుద్దితే రాజు పేరు పోయి మెరిసే బిళ్ల మిగులుతుంది. తోమిన నాణేనికి సేకర్తలు ధర తగ్గించేది ఊరికే కాదు.

మరి తినేసే చిలుమును కూడా చూస్తూ ఊరుకోవాలా అంటే, వద్దు. కంచు మీద లేతాకుపచ్చ పొడి రాలుతూ, తుడిచినా మళ్లీ వస్తుంటే లోపల క్లోరైడ్లు చేరినట్టే. తేమ తగిలినన్నాళ్లూ అవి లోహాన్ని తింటూనే ఉంటాయి. అక్కడ పొడి డబ్బా, సిలికా జెల్, అవసరమైతే నిపుణుడి చేత రసాయన చికిత్స తప్పవు. జబ్బు ఆపాలి, వయసు జోలికి పోకూడదు. సీసం చెక్కపెట్టెలోంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లకే తెల్లపొడిగా మారిపోతుంది. నాణేన్ని తోమేకన్నా పెట్టె మార్చడం మేలు.

ఈ వాదానికి అసలు పరీక్ష బిద్రీ పని. జింకు, రాగి కలిసిన లోహంలో వెండి పొదిగి, నవాసారం కలిపిన బీదర్ కోటమట్టితో నలుపు తెప్పిస్తారు. ఆ నలుపు పనివాడు కోరి తెచ్చినది, ఆమ్లం తగిలితే దెబ్బతింటుంది. వెండి మాత్రం కాలం గడిచి నల్లబడితే పువ్వూ తీగా నేపథ్యంలో కలిసిపోతాయి. అప్పుడు ముట్టుకోను అని కూర్చోవడం పనితనానికి అన్యాయమే. వెండిని ఎప్పుడో ఒకసారి మెత్తటి గుడ్డతో తుడవొచ్చు. ఊడిన చోట కొత్త వెండి పొదగడానికి మాత్రం నేను ఒప్పుకోను, పాత గీత ఎటు తిరిగిందో ఊహించాల్సి వస్తుంది గనక. 1964 నాటి వెనిస్ చార్టర్ కట్టడాల కోసం రాసిందే అయినా, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలన్న దాని నియమం సాలార్‌జంగ్ మ్యూజియంలోని హుక్కా బుడ్డికీ వర్తిస్తుంది.

పాడని గ్రామఫోను ఎందుకనే వాళ్లతో పేచీ లేదు. తెగిన స్ప్రింగు మార్చి, పాతదానికి చీటీ కట్టి దాస్తే ఎప్పుడైనా వెనక్కి పెట్టుకోవచ్చు. గీకేసిన పాత పాలిషును ఎవరూ తిరిగి తేలేరు. నా సొత్తు నా ఇష్టం అనొచ్చు, సొత్తు మీదే. అమ్మేటప్పుడు ఏ భాగం కొత్తదో కొనేవాడికి చెప్పకపోతే మాత్రం మోసమే.