జాన్ పోర్ట్‌మన్ నిర్మాణాలు: ఆర్కిటెక్టు రియల్ ఎస్టేట్ దృక్పథం - విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సారాంశం:
ఆర్కిటెక్టు తొలి గీత గీయకముందే స్థలం ధర, అప్పు, అద్దెల లెక్కలు భవన స్వరూపాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి. ఆ లెక్కలను స్వయంగా చేపట్టిన అమెరికన్ ఆర్కిటెక్టు జాన్ పోర్ట్‌మన్ (1924-2017). ఆర్థికాధికారం ఆర్కిటెక్టుకు ఇచ్చే స్వేచ్ఛను, దాని హద్దులను ఆయన నిర్మాణాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలక పదాలు: పోర్ట్‌మన్, ఆర్కిటెక్చర్, రియల్ ఎస్టేట్, ఏట్రియం, వీధి.

1. ప్రవేశిక:
జొనాథన్ బార్నెట్‌తో కలిసి పోర్ట్‌మన్ 1976లో ‘ది ఆర్కిటెక్ట్ యాజ్ డెవలపర్’ అనే గ్రంథాన్ని వెలువరించారు. రూపకర్తే డెవలపర్ కూడా కావచ్చునన్నది అందులోని ప్రధాన ప్రతిపాదన. నిర్మాణ వ్యాపారానికి ఆర్కిటెక్టు దూరంగా ఉండాలన్నది అప్పటి అమెరికాలో వృత్తిధర్మంగా చెలామణి అయిన భావన. కాబట్టి ఈ ప్రతిపాదన వృత్తి నిర్వచనాన్నే ప్రశ్నించింది.

2. లెక్కల తర్కం:
డెవలపర్ గణన అద్దెతో మొదలవుతుంది. ఉదాహరణకు, నిర్వహణ ఖర్చులు పోగా ఒక భవనానికి ఏటా 10 కోట్ల రూపాయల ఆదాయం వస్తుందనుకుంటే, 10 శాతం రాబడి కోరే పెట్టుబడిదారునికి దాని విలువ 100 కోట్లు. నిర్మాణం, వడ్డీ, రుసుములు, లాభం కలిపి 80 కోట్లయితే స్థలానికి 20 కోట్లకు మించి చెల్లించకూడదు. నిర్మాణ వ్యయం 5 కోట్లు పెరిగితే స్థలానికి చెల్లించగలిగే మొత్తంలో నాలుగోవంతు పోతుంది. స్థలం అప్పటికే కొని ఉంటే ఆ కోత డిజైన్ మీద పడుతుంది. అద్దె రాని వసారా, మెట్లు, ఖాళీ జాగా ముందుగా బలవుతాయి. ఆలస్యంగా రంగప్రవేశం చేసే ఆర్కిటెక్టు వాదన ఎంత బలమైనదైనా, అప్పటికి నిర్ణయం అయిపోయి ఉంటుంది.

3. అట్లాంటా ఏట్రియం:
1967లో ప్రారంభమైన అట్లాంటా హయత్ రీజెన్సీ ఈ తర్కాన్ని తిరగవేసింది. గదుల వరుసల నడుమ 22 అంతస్తుల ఎత్తున పోర్ట్‌మన్ శూన్యాన్ని నిలిపారు. చదరపు అడుగుల లెక్కలో అది వృథా. అయితే ఆ శూన్యమే జనాన్ని ఆకర్షించి హోటల్‌కు గుర్తింపు తెచ్చింది. అద్దెకివ్వని జాగా చుట్టూ ఉన్న గదుల విలువను పెంచింది. జీతానికో రుసుముకో పనిచేసే ఆర్కిటెక్టు ఈ వాదనను ఒప్పించడం కష్టం. నష్టభయాన్ని తానే పంచుకున్నందువల్ల పోర్ట్‌మన్‌కు అది సాధ్యమైంది.

4. వీధికి వెన్ను:
ఆ స్వేచ్ఛ నగరానికి ఏమిచ్చిందన్నది వేరే ప్రశ్న. లాస్ ఏంజెలెస్‌లోని బొనావెంచర్ హోటల్ తానే ఒక నగరం కావాలని చూస్తుందని, బయటి నగరంతో దానికి సంబంధం లేదని ఫ్రెడ్రిక్ జేమ్సన్ 1984 నాటి వ్యాసంలో విమర్శించారు. పోర్ట్‌మన్ కళాకారుడే కాక పెట్టుబడిదారుడు కూడానని ఆయన గుర్తించారు. అయినా ఆయన విశ్లేషణ ప్రధానంగా స్థలానుభవం మీదే సాగింది. లెక్కల వైపు నుంచి చూస్తే కారణం మరింత స్పష్టమవుతుంది: లోపల నడిచే మనిషి ఖర్చు యజమాని ఖాతాలో చేరుతుంది, వీధిలో నడిచే మనిషిది చేరదు. డెట్రాయిట్‌లో 1977లో ప్రారంభమైన రినైజాన్స్ సెంటర్ రహదారి వైపు ఎత్తైన కాంక్రీటు దిమ్మెలతో నగరం నుంచి వేరుపడింది. 1996లో దానిని కొన్న జనరల్ మోటార్స్ తరువాత ఆ దిమ్మెలను తొలగించింది. 1990ల ఆరంభంలో పోర్ట్‌మన్ సంస్థ కూడా భారీ అప్పుల సంక్షోభంలో పడింది. నష్టభయం ఇచ్చిన అధికారాన్ని నష్టమే వెనక్కు తీసుకోగలదు.

5. ముగింపు:
రియల్ ఎస్టేట్ మౌలికాంశాలు తెలిసిన ఆర్కిటెక్టు మంచి జాగాను కాపాడగలడని అట్లాంటా నిరూపించింది. అయితే యాజమాన్య సరిహద్దు దాటిన విలువను ఆ లెక్క చూడదని డెట్రాయిట్ తెలిపింది. కాబట్టి ఆర్కిటెక్టు డెవలపర్ లెక్కను నేర్చుకోవాలి. దానితోపాటు అందులో చోటు దక్కని బాటసారి పక్షాన మాట్లాడే బాధ్యతనూ నిలుపుకోవాలి. ఆ రెండో బాధ్యతను వదులుకుంటే అతనికీ డెవలపర్‌కూ తేడా మిగలదు.