కథలో గ్రామసభ: ఎవరి మాట? ఎవరి రాత?

గిరిజన జీవితం మీద తెలుగులో వచ్చే కథల్లో ఒక సన్నివేశం పదే పదే కనిపిస్తుంది. జీపు వస్తుంది. చింతచెట్టు కింద కుర్చీలు వేస్తారు. అధికారి కాగితం చదువుతాడు. జనం బిత్తరచూపులు చూస్తారు. చివరకు ఒక ముసలివాడు లేచి, "ఈ కొండ మా తల్లి" అంటాడు. అక్కడితో కథ ముగుస్తుంది. మనం కళ్లు తుడుచుకుంటాం. రచయిత ఆదివాసి పక్షాన నిలబడ్డాడని మెచ్చుకుంటాం. నేను అడగదలచుకున్నది ఒకటే ప్రశ్న: ఆ సభలో ఆ ముసలివాడు నిజంగా ఏం మాట్లాడాడు?

ఇది ప్రభుత్వాన్ని అడగవలసిన ప్రశ్న, రచయితను కాదు అని కొందరు మిత్రులు అనవచ్చు. కాని చట్టం ఆదివాసిని అడిగే పద్ధతికీ, మన కథ ఆదివాసి చేత మాట్లాడించే పద్ధతికీ దగ్గర చుట్టరికం వుంది. ఆ చుట్టరికాన్ని బయటపెట్టటమే ఈ వ్యాసం పని.

ముందు చట్టం సంగతి చూద్దాం. రాజ్యాంగం అయిదో షెడ్యూలు ప్రకారం గవర్నరు షెడ్యూల్డు ప్రాంతాలకు రెగ్యులేషను చేసే ముందు గిరిజన సలహా మండలిని సంప్రదించాలి. మంచిదే. అయితే గవర్నరు తనకు నివేదించిన విషయాల మీద సలహా చెప్పటమే ఆ మండలి విధి. అంటే అడిగినప్పుడే నోరు తెరవాలి. 1996 నాటి పీసా చట్టం గ్రామసభను ముందుకు తెచ్చింది. భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలన్నది. చిన్న నీటివనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించాలన్నది. 2013 నాటి భూసేకరణ చట్టం మరో అడుగు వేసి, షెడ్యూల్డు ప్రాంతాల్లో ముందస్తు సమ్మతి కావాలన్నది. "సంప్రదింపు" నుంచి "సమ్మతి" దాకా నడవటానికి చట్టానికి పదిహేడేళ్లు పట్టింది. ఈ రెండు మాటల తేడా ఏమిటో మాటలతో బతికే మనకు వేరే చెప్పనక్కరలేదు. సంప్రదించినవాడు విననక్కరలేదు. సమ్మతి అడిగినవాడు "వద్దు" అనే జవాబుకు సిద్ధపడి రావాలి.

విశాఖపట్నంలో కూర్చుని ఈ సంగతి రాయటానికి కారణం వుంది. మా నగరం తాగే నీళ్లలో గోస్తనీ నది మీది తాటిపూడి నీళ్లూ వున్నాయి, శారదా నది మీది రైవాడ నీళ్లూ వున్నాయి. ఆ రెండు నదులూ పుట్టింది అనంతగిరి కొండల్లో. మా ఉక్కు కర్మాగారం కోసం 64 గ్రామాలు భూమి వదులుకున్నాయి. అంతకుముందు 1966లో "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 2021 జనవరిలో ఆ కర్మాగారాన్ని ప్రైవేటుపరం చెయ్యాలని కేంద్రం సూత్రప్రాయంగా నిర్ణయించినప్పుడు నగరమంతా వేసిన ప్రశ్న "మమ్మల్ని అడిగారా?" అనే. ఆ ప్రశ్న మనకంటే ముందునుంచీ కొండ మీద వున్నది. మన నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో ఆ ప్రశ్నా అక్కడినుంచే వచ్చింది.

అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధనల్లోని "వ్యక్తి" అనే మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందనీ, కనుక షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు ప్రభుత్వమైనా భూమిని లీజుకివ్వటానికి వీల్లేదనీ చెప్పింది. ఒక్క మాటకు అర్థం చెప్పటంతో కొండలు నిలిచాయి! అయినా 2015 నవంబరులో చింతపల్లి ప్రాంతపు జెర్రెల అడవిలో 1,212 హెక్టార్లను బాక్సైటు కోసం రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకు మళ్లిస్తూ 97వ నెంబరు జీవో వచ్చింది. కొండ కదిలింది. 2019లో ఆ లీజులు రద్దయ్యాయి. అటు ఒడిశాలో 2013లో సుప్రీంకోర్టు ఆదేశం మీద నియమగిరి చుట్టూ 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండుకు పన్నెండూ బాక్సైటు గనిని వద్దన్నాయి. ఆ కొందుల బంధువర్గం మా పాడేరు కొండల్లోనూ వుంది.

ఇంత చరిత్ర జరిగింది గదా, మన కథలోకి ఎంత వచ్చింది? వచ్చినదాంట్లో ఎక్కువభాగం రెండే మూసలు. ఒకటి, థింసా ఆడే అమాయకుడు. రెండు, విల్లెత్తిన వీరుడు. ఈ రెండింటి మధ్యా వున్న మనిషి, అంటే లెక్క కట్టేవాడు, అనుమానించేవాడు, పక్కింటివాడితో విభేదించేవాడు, "ఈ షరతుకు ఒప్పుకుంటాను, ఆ షరతుకు ఒప్పుకోను" అనేవాడు మన కథలో అరుదు.

ఈ విమర్శ నాకూ తగులుతుంది. రెండేళ్ల కిందట మా బడిలో పదో తరగతి చదివే ఒక అమ్మాయి, ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టల్లో వుండే పిల్ల, తమ వూళ్లో జరిగిన సభ గురించి ఒక రచన రాసి ఇచ్చింది. ఏదో నీటి పథకం కోసం అధికారులు వచ్చారు. ఆ పిల్ల నాయనమ్మ ఏడు ప్రశ్నలు అడిగింది. వేసవిలో వూట ఎండితే ఎవరిని అడగాలి? పనసచెట్టుకు ధర కడతారా, కాయకు కడతారా? పసుపు తవ్వే ముందు కదలమంటారా, తవ్విన తరవాతనా? పశువులు ఏ దారిన పోవాలి? పట్టా లేని పోడు సంగతేమిటి? ఉద్యోగం ఇంటికి ఒకటా, మనిషికి ఒకటా? చనిపోయినవాళ్ల రాళ్లు ఎక్కడ పెట్టుకోవాలి? జవాబులు రాలేదనీ, వచ్చినవాళ్ల కాగితం మీద మాత్రం "గ్రామస్థులతో చర్చించడమైనది" అని వున్నదనీ ఆ పిల్ల రాసింది.

నేను బడి పత్రిక కోసం దాన్ని "దిద్దాను". ఏడు ప్రశ్నలు సాగతీతగా వున్నాయని అయిదు కొట్టేశాను. మధ్యలో వచ్చిన వాళ్ల భాష మాటలు పాఠకుడికి అర్థం కావని తీసేశాను. ముగింపు బలంగా లేదని నాయనమ్మ చేత "కొండ మా తల్లి" అనిపించాను. దిద్దిన కాగితం చదువుకుని ఆ పిల్ల నెమ్మదిగా అంది: "మాస్టారూ, మా నాయనమ్మ ఆ మాట అనలేదండీ."

ఎం.ఏ.లో నేర్చుకున్న శిల్పమంతా ఆ ఒక్క వాక్యం ముందు తలవంచుకుంది. ఆ సభ మీద కాగితం రాసిన అధికారి చేసిన పనే నేనూ చేశాను. ఆయన ఏడు ప్రశ్నలను ఒక వాక్యంగా కుదించి ప్రభుత్వానికి పంపాడు. నేను ఒక వాక్యంగా కుదించి పాఠకుడికి పంపబోయాను. ఆయన వాక్యంలో కవిత్వం లేదు, నా వాక్యంలో వుంది. అంతే తేడా!

కొండను తల్లి అనేవాళ్లు లేరని నేను అనటం లేదు. కొండను దేవుడుగా కొలిచే నియమగిరి వాళ్లు సభల్లో ఆ సంగతీ చెప్పారు. నా అభ్యంతరం విశ్వాసం మీద కాదు. తక్కిన వాదమంతా కొట్టేసి విశ్వాసాన్ని ఒక్కదాన్నే మిగిల్చే పద్ధతి మీద. అట్లా చేస్తే ఆదివాసి పూజించే మనిషిగా మిగులుతాడు, ఆలోచించే మనిషిగా మిగలడు. ఆలోచించలేని మనిషిని సంప్రదించటం ఎందుకని పాలకుడు అడిగితే మన కథే సాక్ష్యం చెప్పవలసి వస్తుంది.

అయితే కథ సభ మినిట్సు పుస్తకం కాదు గదా, ఏడు ప్రశ్నలూ రాస్తే కళ ఏమవుతుంది అంటారా? దీనికి జవాబు మనవాళ్లే ఎప్పుడో ఇచ్చారు. కాళీపట్నం రామారావు గారి "యజ్ఞం" (1964) చదవండి. మా విశాఖలోనే బడిపంతులుగా పనిచేసిన రచయిత ఆయన. అది ఏజెన్సీ కథ కాదు, మైదానపు దళితుడి కథ. కాని కథలో ఎక్కువభాగం ఒక తగువు విచారణే. గోపన్న బాకీ, అప్పల్రాముడి జవాబు, శ్రీరాములునాయుడి పెద్దరికం అన్నీ వివరంగా వస్తాయి. అప్పల్రాముడు మూగవాడు కాడు. తన బతుకు లెక్క తాను చెప్పుకుంటాడు. అందరి మాటా విన్నాకే తీర్పు వస్తుంది. పద్ధతి ప్రకారం అంతా సక్రమమే. ఆ సక్రమం మీదనే సీతారాముడు తన బిడ్డను చంపుకుంటాడు. సభను పూర్తిగా చూపించబట్టే ఆ సభ చేసిన అన్యాయం మనకు తెలిసింది. సాగతీత అని కారా మాస్టారు ఆ విచారణను కొట్టేసి వుంటే ముగింపు వట్టి దారుణంగా మిగిలేది, విమర్శ అయ్యేది కాదు.

భాష విషయంలో మనకు ఇంకా పాత గురువు వున్నాడు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. వాడుక తెలుగు కోసం పోరాడకముందే సవరల దగ్గర కూర్చుని సవర భాష నేర్చుకున్నాడు. 1931లో ఆయన సవర భాషా గ్రంథం అచ్చయింది. జనం మాటకు గౌరవం ఇవ్వాలనే పాఠం ఆయనకు ముందు కొండ మీదే దొరికిందని నేననుకుంటాను. ఆయన ఉద్యమ ఫలాన్ని మనం అనుభవిస్తున్నాం. కాని గ్రాంథికవాదులు మన వాడుక భాషకు చేసిన అవమానాన్నే మనం కువి మాటకు, కొండదొరల మాటకు, ఆదివాసి ఒడియాకు చేస్తున్నాం. చదివి వినిపించిన కాగితం అర్థం కాకపోతే ఇచ్చిన సమ్మతికి విలువ ఏమిటి?

ఇంకొక వాదం మన శిబిరంలోనే వినిపిస్తుంది: పాలకవర్గ రాజ్యంలో సంప్రదింపు అంతా బూటకమే, దాని మీద కథ దేనికి అని. బూటకం చాలానే వుంది. కాని బొర్రాలోనూ, నియమగిరిలోనూ ఆ బూటకపు కాగితాన్నే జనం చేతిలోకి తీసుకుని నిజం చేసుకున్నారు. ఇటీవల అనంతగిరి కొండల్లో పంప్డ్ స్టోరేజీ జలవిద్యుత్తు పథకాల మీదా మళ్లీ గ్రామసభ మాటే వినిపిస్తోంది. జనం పోరాడే చోటును బూటకమని తోసెయ్యటం అభ్యుదయ దృక్పథం కాదు.

కొత్తగా రాసే మిత్రులకూ, సాహిత్య విద్యార్థులకూ ఒక చిన్న సూచన చేస్తున్నాను. మీ కథలో గ్రామసభ వస్తే, అక్కడ ఆదివాసి అడిగే ప్రశ్నలు ఎన్ని వున్నాయో లెక్కపెట్టండి. వూళ్లో ఇద్దరు విభేదించారా చూడండి. వీలైతే అచ్చుకు ముందు ఆ వూరివాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు ఒప్పుకోకపోతే మార్చండి.

నేను ఆ అమ్మాయి రచనను ఏడు ప్రశ్నలతో, వాళ్ల భాష మాటలతో, నేను అతికించిన ముగింపు లేకుండా అచ్చు వేయించాను. క్లాసులో చదివినప్పుడు ఒక పిల్లవాడు లేచి, "వూట ఎండితే ఎవరిని అడగాలండీ?" అన్నాడు. మా బడి కుళాయిలోకి వచ్చే నీళ్లు ఎక్కడివో ఆ రోజు పాఠంగా చెప్పాను. అతని ప్రశ్నకు జవాబు మాత్రం నా దగ్గర లేకపోయింది.