దారం ఎత్తు

సండూరు లంబాణీ కుట్టుపనిని కళ్లతో చూసి వదిలేస్తే సగమే చూసినట్టు. వేళ్లతో తడమాలి. బళ్లారి జిల్లాలో, ఇనుప గనుల ఎర్రదుమ్ము ఆకుల మీద పేరుకునే ఆ కొండల నడుమ, మనం లంబాడీలనీ సుగాలీలనీ పిలిచే ఆడవాళ్లలో ఒకామె కుట్టిన గోడతెర ఒకటి నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. ముదురు నీలం ఖద్దరు మీద ఎరుపు, పసుపు, తెలుపు దారాలు. నెమలి లేదు, తీగ లేదు, బొమ్మ అన్నదే లేదు. ఉన్నవల్లా గళ్లూ గీతలే. అయినా ఆ గుడ్డలో మిట్టలున్నాయి, పల్లాలున్నాయి. వాటిని తెచ్చింది దారం ఎత్తు ఒక్కటే.

ఈ పనిలో పద్నాలుగు కుట్లు చెబుతారు. కిలన్, వేలే, బక్యా, మకి, సూర్యకాంతి మకి, రేలో, కౌది, నక్ర... పేర్లు వింటుంటేనే తాళం వేసినట్టుంటుంది. కట్టుకునే పేటియా మీదా, తొడుక్కునే కాంచళి మీదా ఏ వరస ఎక్కడ రావాలో తరాల అలవాటు చెబుతుంది. గోడతెరకు ఆ కట్టడి లేదు. అందుకే ఇక్కడ ఆమె చెయ్యి సాహసం చేసింది. ఒక గడిలో సూటి కుట్లను ఒత్తుగా, దారం కాస్త బిగించి నడిపింది. బిగింపుకు వరసల మధ్య గుడ్డ సన్నగా ఉబ్బి, దున్నిన చేను చాళ్లలా లేచింది. పక్క గడిలో అదే ఎర్రదారంతో గొలుసు కుట్టు, అదీ అడ్డంగా. దారం ఒకటే, రంగు ఒకటే. కానీ ఒకచోట కుంకుమ, ఒకచోట ఎండిన మిరప. వెలుతురు ఏ వైపు నుంచి పడితే ఆ వైపు గడి వెలిగి, రెండోది నల్లబడుతుంది. రెండు రంగులు కొని తెచ్చినా ఈ మార్పు రాదు.

ఈ తెర మీద అద్దాలు మూడే. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ పొదుపు. అద్దానికి చిల్లు ఉండదు. ముందు దారాలను అడ్డంగా, నిలువుగా వేసి బిగించి, ఆ బిగింపు చుట్టూ కుట్టు అల్లాలి. ఆ గట్టు దానంతట అదే ఎత్తుగా నిలుస్తుంది. అంగళ్లలో అద్దాలు కిక్కిరిసిన పని చూస్తాం. అక్కడ మెరుపంతా అద్దాలదే అయి దారం మూగబోతుంది.

ఈ కుట్టుకు మందం ఊరికే వచ్చింది కాదు. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసి దేశమంతా తిరిగిన జాతి లంబాణీలది. సంచీ చిరగకూడదు, గుడ్డ మీద గుడ్డ వేసి ఒత్తుగా కుట్టాలి. రైళ్లొచ్చి ఆ బేరం పోయింది, కుట్టు మిగిలింది. 2010లో సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023 జులైలో, జీ20 సమావేశాలప్పుడు, 450 మందికి పైగా లంబాణీ మహిళలు తయారుచేసిన 1,755 వస్తువులను హంపిలో ప్రదర్శించడం గిన్నిస్ రికార్డుకెక్కింది. అది గొప్ప సంగతే. కానీ ఈ పని మనసులోకి దిగాలంటే ఒక్క గుడ్డ, ఒక్క మూల చాలు.

ఆ గోడతెర అంచున ఆమె గవ్వలు కుట్టింది. వాటి బరువుకు తెర నిటారుగా దిగి, ముడుచుకున్న చాళ్లు విప్పారాయి. అలంకారమే పనిముట్టయింది. ఇలాంటిది ఎవరింటికైనా చేరితే దయచేసి గాజు చట్రంలో బిగించకండి. కిటికీ పక్క గోడకు, వెలుతురు ఏటవాలుగా పడేచోట, చెయ్యి అందే ఎత్తులో వేలాడదీయండి.