ఇంకిన నీరు శుద్ధి అయినట్లేనా?

2019లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ పల్లెలలో మనిషికి రోజుకు 55 లీటర్ల కుళాయి నీరు ఇవ్వవలెనని సంకల్పించినది. మరుసటి ఏడు, 2020లో, స్వచ్ఛభారత్ గ్రామీణ పథకం రెండవ దశ ఆ నీటిని వాడిన తరువాత ఏమి చేయవలెనో చెప్పపూనుకొన్నది. కుళాయితోపాటు కాలువను గురించి కూడా ఆలోచించడం మెచ్చదగిన విషయమే. ఇంటికి చేరిన నీటిలో నూటికి సుమారు 70 పాళ్లు వంటింటినుంచీ, స్నానాల గదినుంచీ, బట్టలుతికే బండనుంచీ తిరిగి బయటకే వస్తుంది. రెండువేల జనాభా గల ఊరిలో ఇది రోజుకు 77 వేల లీటర్లు! బిందెలతో నీరు మోసుకొన్న రోజులలో ఇంత మురుగు ఎక్కడిది?

ఈ నీటికి పథకం చూపిన మార్గాలలో మిక్కిలి ప్రచారం పొందినది ఇంకుడు గుంత. దానికి యంత్రం అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. వీధిలో నీరు నిలవదు కనుక దోమలు కూడా తగ్గుతాయి. మహారాష్ట్రలో నాందేడ్ జిల్లావారు గుంతలో సిమెంటు తొట్టి దించి తయారు చేసిన నమూనాకు "మేజిక్ పిట్" అని పేరు వచ్చినది. ఆ పేరులోనే చిక్కు ఉన్నది. నీరు కంటికి కనబడకుండా పోవడం మాయ అనిపించవచ్చు గాని, శుద్ధి కావడం మాయ కాదు. అది నేల చేసే పని.

గుంతలోని కంకర నీటిని కొంతసేపు పట్టి ఉంచుతుంది, అంతే. నీరు గుంత దాటి చుట్టూ ఉన్న మట్టిలో ప్రవేశించినప్పుడే అసలు శుద్ధి మొదలవుతుంది. మట్టిరేణువుల సందులలో గాలి ఉంటుంది. ఆ గాలిలోని ప్రాణవాయువు సాయంతో సూక్ష్మజీవులు జిడ్డునూ, సబ్బునూ, మెతుకులనూ విచ్ఛేదం చేస్తాయి. రోగక్రిములలో చాలా భాగం రేణువులకు అంటుకొని అక్కడే నశిస్తాయి. ఇందుకు నీరు నెమ్మదిగా కదలవలె, గాలి ఆడవలె, గుంతకూ భూగర్భజలానికీ నడుమ చాలినంత పొడినేల ఉండవలె.

మన నేలలన్నీ ఇట్టివి కావు. నల్లరేగడి తడిసి ఉబ్బితే సందులు మూసుకొనిపోతాయి. గుంత నిండి మురుగు మళ్లీ వీధినే పడుతుంది. కోనసీమలో వానాకాలంలో భూగర్భజలం నేలమట్టానికి బాగా దగ్గరగా వస్తుంది. గుంత అడుగు ఆ నీటిలో మునిగితే ఇక శుద్ధి అన్నమాట లేదు. తెలంగాణలో మట్టి పలుచగా ఉన్నచోట రాతి పగుళ్లవెంట నీరు చకచక దిగిపోతుంది. చూచేవారికి అదే ఉత్తమమైన గుంత! పక్కన బోరునీరు తాగేవారికి అదే పెద్ద గండం.

నేలను ముందుగా పరీక్షించే పద్ధతి కొత్తది కాదు. సెప్టిక్ ట్యాంకులకు సంబంధించిన భారతీయ ప్రమాణం 2470లో అది ఉన్నది. చిన్న గుంట తవ్వి, రాత్రంతా నీటితో నానబెట్టి, మర్నాడు నీటిమట్టం 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టునో చూడవలె. 60 నిమిషాలు మించితే ఆ నేల పనికిరాదు. గడియారమూ, స్కేలూ ఉంటే తొమ్మిదవ తరగతి విద్యార్థులు కూడా చేయగలరు. పథకం మాత్రం నిధులను తలలు లెక్కించి నిర్ణయించినది: 5,000 వరకు జనాభా గల గ్రామాలకు మనిషికి 280 రూపాయలు, అంతకు పైబడిన వాటికి 660. రేగడి ఊరికీ, ఇసుకనేల ఊరికీ ఒకటే లెక్క!

మరుగుదొడ్డి నీటిని వేరుచేసి తక్కినదానిని "గ్రే వాటర్" అనడంలో ఇంకొక లోపం ఉన్నది. ఈ గీత కాగితంమీద స్పష్టమే. పల్లె కాలువకు అది తెలియదు. సెప్టిక్ ట్యాంకు గొట్టం ఎన్నో ఇళ్లలో ఆ కాలువలోకే తెరచి ఉంటుంది. ట్యాంకు దాటి వచ్చే నీటిలో క్రిములూ, అమ్మోనియా దండిగా ఉంటాయి. గాలి తగిలే మట్టిలో సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటును మట్టి పట్టి ఉంచలేదు. అది నీటి వెంటనే బావికి చేరుతుంది. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీటితో పాలపొడి కలిపి పడితే పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేక ఒళ్లు నీలిరంగుకు తిరగవచ్చును. ఆ నీటిని కాచినా నైట్రేటు పోదు.

రేగడి ఊళ్లకు లోతులేని శుద్ధికుంటలు మేలు. సుమారు ఒకటిన్నర మీటరు లోతు కుంటలో నాచు ఎండ తగిలి ప్రాణవాయువును విడుస్తుంది. దానితో బాక్టీరియా మురుగును విచ్ఛేదం చేస్తుంది. 1958లో నాగపూరులో ఏర్పడిన కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగు పరిశోధన సంస్థ ఇట్టి కుంటలపై పరిశోధనలు జరిపినది. గుంతకు దోషమైన రేగడి గుణమే కుంటకు ఉపకరిస్తుంది, నీరు కిందికి జారిపోదు. అయితే ఊరికి ఎడంగా స్థలం కావలె. గట్లవెంట గడ్డిని ఎప్పటికప్పుడు కోయవలె, లేకున్న దోమలు అక్కడే గుడ్లు పెడతాయి.