సోకు లేని విమానం

క్రిస్ హైంట్జ్ 1986లో రూపొందించిన సీహెచ్ 701ని చూసి మొదటి చూపులో ఎవరూ ముచ్చటపడరు. పొట్టి ఒళ్లు, మందపాటి రెక్క, ఆ రెక్క ముందంచుకు కాస్త ఎడంగా బిగించిన ఇంకో సన్నటి రేకు. సూపర్‌సోనిక్ విమానం కాంకార్డ్ మీద పనిచేసిన ఇంజనీరు గీశాడంటే నమ్మబుద్ధి కాదు. నాకు అందుకే దానిమీద మోజు. సోకు కోసం పెట్టింది ఒక్కటీ లేదు అందులో.

ఆ ముందు రేకును స్లాట్ అంటారు. ముక్కు బాగా పైకెత్తి వేగం తగ్గిస్తే మామూలు రెక్క మీది గాలి పొర విడిపోతుంది, విమానం కిందికి జారుతుంది. ఇక్కడ స్లాట్‌కీ రెక్కకీ మధ్య సందులోంచి దూసుకొచ్చే గాలి ఆ పొరను రెక్కకు అంటిపెట్టే ఉంచుతుంది. గంటకు సుమారు 30 మైళ్ల దగ్గర కూడా గాల్లో నిలుస్తుంది కాబట్టే ఏటి ఇసుకమేటల మీదా, ఐడహో కొండల్లోని పచ్చిక బయళ్ల మీదా దిగగలదు. దానికి మూల్యమూ ఉంది. స్లాట్ ముడుచుకోదు, ఎప్పుడూ గాలికి అడ్డమే. 80 మైళ్ల వేగం దాటాలంటే ఆయాసపడుతుంది. తొందరున్నవాళ్లు వేరేది చూసుకోవచ్చు.

ఇది కిట్ కొని సొంతంగా కట్టుకునే విమానం, నేనూ ఒకటి కడుతున్నా. కిట్ వచ్చేది జెనిత్ కంపెనీ నుంచి. ఊరు మెక్సికో, ఉన్నది మిస్సోరీలో! కొత్తవాళ్ల చేత వర్క్‌షాప్‌లో ముందు తోక చుక్కాని కట్టిస్తారు.

రివెట్ కొట్టడం తేలికే. గన్‌లో పెట్టి నొక్కితే టక్కుమని లోపలి మేకు తెగుతుంది, అవతలివైపు ఇంకో మనిషి అక్కర్లేదు. నా శనివారాలన్నీ మింగేది అంతకుముందు పని. రేకులు జతచేసి, క్లీకోలనే క్లిప్పులతో తాత్కాలికంగా బిగించి, రంధ్రాలు వేసి, మళ్లీ అన్నీ విప్పి, ప్రతి రంధ్రం అంచునా లేచిన గరుకును గీకెయ్యాలి. అది మిగిలితే రేకులు సరిగ్గా ఆనవు, ఏళ్ల తరబడి అదురుకు పగులు అక్కణ్నించే మొదలవ్వచ్చు. రివెట్ పడ్డాక ఆ అంచు ఇన్‌స్పెక్టర్‌కైనా కనిపించదు. "ఒరే, ఇంతకీ అది ఎగురుతుందా?" అని ఫోన్‌లో అమ్మ. రెక్క ఒక్కటే అయింది, ఏం చెప్పను?

అమెరికా నిబంధన ప్రకారం సగానికి మించిన పని చదువు కోసమో సరదా కోసమో సొంతంగా చేసుంటేనే దీన్ని ఔత్సాహికులు కట్టిన విమానంగా ఒప్పుకుంటారు. ఆ విమానాన్ని ఏటా తానే తనిఖీ చేసేందుకు కట్టినవాడు సర్టిఫికెట్ తీసుకోవచ్చు. రేపు అమ్మేస్తే విమానం వెళ్తుంది గానీ ఆ సర్టిఫికెట్ కొన్నవాళ్ల పేరుకు మారదు. నా రివెట్ల కింద ఏముందో వాళ్లకేం తెలుసు!