అచ్చయిన గ్రంథం, విన్న వాక్యం: పూడూరు పరిసరాల్లో తెలుగు బైబిలు

తెలుగు బైబిలు చరిత్రను సాధారణంగా అనువాదకుల పేర్లతోనూ ముద్రణ సంవత్సరాలతోనూ రాస్తుంటారు. పద్దెనిమిదో శతాబ్ది తొలి భాగంలో మద్రాసులో బెంజమిన్ షుల్జ్ చేసిన అనువాదం ముద్రణకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీవారు జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజ్ ఆనందరాయరు తోడ్పాటుతో అనువాదానికి పూనుకొన్నారు. ఆ కృషిలోనుంచి మూడు సువార్తలు 1812లో శ్రీరామపురంలో అచ్చయ్యాయి. సంపూర్ణ గ్రంథానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. ఈ క్రమం తెలియవలసిందే. అయితే గ్రంథం అచ్చయిన సంవత్సరాన్నే అది ప్రజలకు అందిన సంవత్సరంగా భావించడం ఈ చరిత్రరచనలోని ప్రధాన లోపం.

వికారాబాదుకు చేరువలోని పూడూరు వంటి గ్రామాలనుంచి చూస్తే ఈ లోపం స్పష్టమవుతుంది. విశాఖ, శ్రీరామపురం, మద్రాసు మూడూ నిజాం రాజ్యానికి వెలుపలివి. సికింద్రాబాదు, వాడి మధ్య రైలుమార్గం 1874లో వికారాబాదు, తాండూరుల మీదుగా ఏర్పడింది. వికారాబాదు అనంతర కాలంలో అమెరికన్ మెథడిస్టు మిషనుకు ఒక కేంద్రమైంది. కాని గ్రంథం చేరినచోట దాన్ని చదివే కన్ను లేదు. రాజభాషగా పారశీకం ఉన్నంతకాలమూ, 1884 తర్వాత ఉర్దూ వచ్చాకా, సర్కారు బడి తెలుగు అక్షరానికి ప్రోత్సాహమివ్వలేదు. మాల, మాదిగ వాడలకైతే ఏ భాషా బడీ దరిదాపుల్లో లేదు. ప్రతి విశ్వాసీ స్వయంగా చదువుకోవాలన్న ప్రొటెస్టంటు సిద్ధాంతం ఇక్కడ ఆచరణలో తలకిందులైంది. ముందు విన్నారు, విశ్వసించారు, అక్షరం ఆ తర్వాత, చాలామందికి మరుసటి తరంలో వచ్చింది.

వినడం ఆ వాడలకు కొత్త కాదు. మాదిగల ఉత్పత్తిగాథ అయిన జాంబపురాణాన్ని చిందువారి ప్రదర్శనలో తరతరాలుగా విన్న సమాజమది. వేదం వినరాదన్న కట్టడి ఉన్నచోటనే తమదైన పురాణాన్ని చెవులతో కాపాడుకొన్న సమాజం కూడా. ఈ నేపథ్యాన్ని విస్మరించి, చదువురానివారు గ్రంథం తెలియకుండానే మతం మారారనడం తొందరపాటు నిర్ణయం. బైబిల్ ఉమెన్ అని పిలిచే స్త్రీలు ఇంటింటా చెప్పిన కథలూ, బడిపిల్లలు వల్లెవేసిన వచనాలూ, పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటి కవుల కీర్తనలూ గ్రంథానికి వాహకాలయ్యాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకంగా చేతికి రాకముందే చాలామందికి కంఠస్థం. సాహిత్యచరిత్రకారులు ఈ కీర్తనలకు కేటాయించిన స్థలం మాత్రం అత్యల్పం.

పాత అనువాదపు భాషమీద వచ్చిన విమర్శనూ ఈ వెలుగులో పునఃపరిశీలించాలి. అది పాదిరీ తెలుగని, కృత్రిమమని, మూలభాషల వాక్యక్రమానికి లొంగిపోయిందని ఆక్షేపణ. వాక్యనిర్మాణం విషయంలో ఆక్షేపణ చాలావరకు న్యాయమే. తెలంగాణ పలుకుబడి అందులో వెతికినా దొరకదన్నదీ నిజం. అయినా కఠినమైన గ్రాంథికం శ్రోతల నోట ఏమైందో ఈ విమర్శకులు గమనించలేదు. 'వాక్యం' వ్యాకరణంలో పదసముదాయం; సంఘంలో 'వాక్యం చెప్పడం' అంటే ప్రసంగించడం. కచేరీకి చెందిన 'సాక్ష్యం' ఆరాధనలో తన బతుకు మలుపును పదిమంది ముందు నిలబడి చెప్పుకోవడమైంది. కచేరీలో సాక్షిగా తన మాట చెల్లని మనిషికి ఈ మార్పు కేవలం అర్థవిపరిణామం కాదు. నిఘంటుకారులు ఈ అర్థాలను మతపరిభాషగా పక్కకు నెట్టడం శాస్త్రీయం అనిపించుకోదు.

ఇంతమాత్రాన శ్రవణసంప్రదాయాన్ని కీర్తించి ఊరుకోవడానికి వీల్లేదు. వినేవారు ఎప్పుడూ చదివేవారిమీద ఆధారపడతారు. వాడలో అక్షరం వచ్చిన ఉపదేశి ఏ అధ్యాయం తెరిస్తే అదే ఆ వారానికి గ్రంథం. పురోహితుని మధ్యవర్తిత్వాన్ని కాదన్న మతం ఉపదేశి మధ్యవర్తిత్వాన్ని నెలకొల్పింది. స్త్రీలకు చదవడం నేర్పి, సంఘంలో బోధించే పీఠాన్ని చాలాకాలం వారికి దూరంగా ఉంచింది. మిషను చరిత్రలు ఈ అంశాన్ని దాదాపు తాకవు. వాటికి బాప్తిస్మాల సంఖ్యలమీదనే ఎక్కువ మక్కువ.

నేడు వాడుకభాషా అనువాదాలు వచ్చాయి. 2019 నాటి ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ సెల్‌ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. చదివి వినిపించే శబ్దగ్రంథాలూ ఉన్నాయి. అయినా అనేక తెలుగు సంఘాల ఆరాధనలో నేటికీ బిగ్గరగా చదివేది పాత అనువాదమే. సులభమైనదాన్ని పక్కన పెట్టి ఈ కఠినభాషను ఎందుకు అంటిపెట్టుకొన్నారో గ్రంథాలయంలోని ప్రతుల తులనాత్మక పరిశీలన ఒక్కటే తేల్చలేదు. పూడూరు, పరిగి, తాండూరు ప్రాంతాల వృద్ధుల నోటనున్న వచనాలనూ కీర్తనలనూ, వారు మార్చి పలికే మాటలతో సహా, రికార్డు చేయవలసి ఉంది.