బాలికల వాదము

బాలికల మాటతీరును గూర్చి పెద్దలు చెప్పు తీర్పులు పెక్కులు గలవు. వారి మాటలను చెవియొగ్గి విని చెప్పినవి మాత్రము కొలది. అమెరికా దేశపు మానవశాస్త్రజ్ఞురాలు మార్జొరీ హార్నెస్ గుడ్విన్ 2006లో ప్రకటించిన ‘ది హిడెన్ లైఫ్ ఆఫ్ గర్ల్స్’ అను గ్రంథము ఈ రెండవ తెగలోనిది. లాస్ ఏంజిలిస్ నగరమునందలి బాలికల యాటలను, సంభాషణలను ఆమె చిత్రయంత్రముతో పట్టి పరిశీలించినది.

బాలికలకు నియమవిచారణయందు బాలురంతటి దృష్టి లేదని 1932లో పియాజే వ్రాసెను. తగవు పుట్టినచో వారు ఆటనే విడిచెదరని తరువాతివారు కొందరనిరి. గుడ్విన్ చూపిన తొక్కుడుబిళ్ల యాట యీ మాటలను నిలువనీయదు. ఆడుచున్న పిల్ల పాదము గీతపై బడగానే చూచుచున్న పిల్ల ‘ఔట్’ అని గొంతెత్తి యరచును; వ్రేలితో గీతను జూపును; అంతటితో నూరకొనక, తానే గడిలోనికి దిగి, అది తొక్కిన విధమును తన కాలితో నభినయించును. మన నాట్యశాస్త్రము వాచికము, ఆంగికము అని వేరుపరచినవి యిచ్చట నొక్క తీర్పునందే కలిసియున్నవి. ఆటయు చెడలేదు, తగవే ఆటకు రుచి.

ఈ గ్రంథమున మనసు నొచ్చు ఘట్టములును గలవు. బాలికలే, ఆ గొంతులతోనే, తమ వెంటబడి తిరుగు నొక పిల్లను వెలివేయుదురు. తమకు గల వస్తువులు, తాము చేసిన విహారములు చెప్పుకొని యంతస్తులు కట్టుకొందురు. దీనిని జదివి ‘ఆడువారి నైజమింతే’ అనువారు గ్రంథమును తలక్రిందుగా జదివినవారు. మన యిండ్లలో గొంతెత్తిన బాలికను ‘గయ్యాళి’ యందుము. ఆ వాదమునే తమ్ముడు చేసినచో ప్లీడరగునని మురియుదుము. ‘నీవు గీత తొక్కితివి’ అని బిగ్గరగా ననుటకు వీలులేని పిల్లకు గుసగుసయు, కడగంటి చూపును దప్ప వేరు సాధనమేమి మిగులును?

ఒక లోపము చెప్పవలెను. సంభాషణలను విరామములతో, నిట్టూర్పులతో సహా గుర్తులువైచి ముద్రించుటచే, శాస్త్రజ్ఞుడు కాని పాఠకునకు పెక్కు పుటలు ముండ్లబాటలు. ఆంగ్లము తెలిసిన గృహిణులు ఈమెయే 1990లో ఫిలడెల్ఫియా నగరపు నల్లజాతి పిల్లలనుగూర్చి వ్రాసిన ‘హీ-సెడ్-షీ-సెడ్’ను ముందుగా జదువుట మేలు. అందలి బాలికలు, తమవెనుక ఎవరేమనిరో విని, అన్నదానిని వీధిలోనే నిలవేసి, ‘నన్ను గూర్చి నీవిట్లంటివని ఆమె చెప్పినది’ అని యెదుట నడుగుదురు.